బోరిస్ కార్లాఫ్ హారర్ సినిమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత హాలీవుడ్ హారర్ సినిమాలు కొత్తగా చూడటం మొదలుపెట్టినవాళ్లకు బోరిస్ కార్లాఫ్ గురించి వచ్చే సందేహాలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఆయన సినిమాల్లో భయం ఎంత ఉంటుందో జాలి కూడా అంతే ఉంటుంది. నాకు ఆయనంటే అంత ఇష్టం అందుకే. ఆ పక్షపాతం జవాబుల్లో కనిపిస్తే ఏమీ అనుకోకండి. కొన్నిచోట్ల కథ చెప్పక తప్పలేదు, క్లైమాక్స్‌లు మాత్రం వీలైనంత వరకు దాచాను.

బోరిస్ కార్లాఫ్ ఎవరు? రష్యా ఆయనా?

కాదు, ఇంగ్లండ్ ఆయన. అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. 1887 నవంబర్ 23న లండన్‌లోని క్యాంబర్‌వెల్‌లో పుట్టారు. తొమ్మిది మంది సంతానంలో ఆఖరివారు. ఇంట్లోవాళ్లు ఆయన్ని దౌత్య ఉద్యోగంలో చూడాలనుకున్నారు. అన్నల్లో ఒకరైన జాన్ ప్రాట్ అదే దారిలో వెళ్లి పెద్ద దౌత్యాధికారి అయ్యారు కూడా. ఈయన మాత్రం 1909లో చదువు వదిలేసి కెనడా ఓడ ఎక్కేశారు. అక్కడ పొలాల్లో కూలిపనులు చేస్తూ, ఊరూరా తిరిగే నాటక కంపెనీల్లో చేరి, బోరిస్ కార్లాఫ్ అని పేరు పెట్టుకున్నారు. చట్టప్రకారం మాత్రం చివరిదాకా ప్రాట్‌గానే ఉన్నారు.

హాలీవుడ్ చేరాక పదేళ్లకు పైగా గుంపులో ఒకడిగా, విలన్ పక్కన అనుచరుడిగా చిన్నాచితకా వేషాలు వేశారు. వేషాలు లేని రోజుల్లో లారీ తోలారు. 'ఫ్రాంకెన్‌స్టైన్' విడుదలయ్యేనాటికి ఆయనకు 44 ఏళ్లు నిండబోతున్నాయి. పేరు రావడానికి అంతకాలం పట్టింది.

ఆయన కుటుంబానికి ఇండియాతో సంబంధం ఉందని విన్నాను. నిజమేనా?

నిజమే. తండ్రి ఎడ్వర్డ్ ప్రాట్ బ్రిటిష్ ఇండియాలో ఉప్పు పన్ను శాఖ అధికారి. తల్లి ఎలైజా మిల్లర్డ్ పుట్టింది ఇండియాలోనే. సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజు పిల్లలకు చదువు చెప్పిన ఆనా లియోనోవెన్స్ ఆమెకు పినతల్లి వరస. కుటుంబంలో భారతీయ రక్తం ఉందని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. ఆయన చామనఛాయ చూసి మూకీ సినిమాల రోజుల్లో అరబ్బు, ఇండియన్ లాంటి వేషాలు ఎక్కువగా ఇచ్చేవారు. ఈ సంగతి ఆయన బయట పెద్దగా మాట్లాడలేదు. ఆ కాలపు ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ దాన్ని బయటికి చెప్పుకోవడం తేలిక కాదు. వెలివేయబడ్డవాడి వేషంలో ఆయన అంతగా ఒదిగిపోవడానికి దీనికీ ముడి ఉందా అని నాకు అనిపిస్తూ ఉంటుంది. అది నా ఊహ మాత్రమే.

ఫ్రాంకెన్‌స్టైన్ అంటే ఆ రాక్షసుడి పేరేనా?

కాదు. వాడిని తయారుచేసిన శాస్త్రవేత్త పేరు ఫ్రాంకెన్‌స్టైన్. మేరీ షెల్లీ 1818లో అచ్చయిన నవలలోనూ, 1931లో యూనివర్సల్ కంపెనీ తీసిన సినిమాలోనూ ఆ ప్రాణికి పేరే లేదు. కన్నవాడు పేరు కూడా పెట్టకుండా వదిలేశాడు. కథలో సగం బాధ అక్కడే ఉంది.

ఆ వేషం ముందు బేలా లుగోసీకి వెళ్లిందట కదా?

వెళ్లింది. లుగోసీ నటించిన 'డ్రాక్యులా' పెద్ద హిట్ కావడంతో యూనివర్సల్ వాళ్లు మొదట లుగోసీనే అనుకున్నారు. దర్శకుడు కూడా అప్పుడు రాబర్ట్ ఫ్లోరీ. తర్వాత ఇద్దరూ తప్పుకున్నారు, సినిమా జేమ్స్ వేల్ చేతికి వచ్చింది. స్టూడియో క్యాంటీన్‌లో భోంచేస్తున్న కార్లాఫ్ ముఖం వేల్ కంట్లో పడింది. పిలిచి టెస్ట్ చేశారు.

ఆ మేకప్ ఎలా వేశారు? అంతసేపు ఎలా భరించారు?

వేసినవారు జాక్ పియర్స్. రోజూ దాదాపు 4 గంటలు పట్టేది. తీయడానికి ఇంకో గంటో గంటన్నరో. మెదడు పెట్టాలంటే సర్జన్ పుర్రెను డబ్బా మూతలా అడ్డంగా కోస్తాడు కదా అని ఆలోచించి, పియర్స్ తల పైభాగాన్ని చదునుగా చేశారు. మెడకు రెండు పక్కలా కనిపించేవి బోల్టులని చాలామంది అనుకుంటారు. అవి కరెంటు ఎక్కించడానికి పెట్టిన ఎలక్ట్రోడ్లు. ముఖానికి పూసిన రంగు నీలం, ఆకుపచ్చ కలిసిన ఛాయ. నలుపు తెలుపు ఫిల్మ్ మీద అది శవం రంగులా పడుతుంది. కోటు చేతులు కురచ చేయడంతో ఆయన చేతులు మరీ పొడుగ్గా కనిపించాయి.

ఇందులో కార్లాఫ్ సొంత ఆలోచనలూ ఉన్నాయి. కళ్లు మరీ చురుగ్గా కనిపిస్తున్నాయని చెప్పి రెప్పల మీద మైనం వేయించుకున్నారు. నోట్లో కట్టుడు పళ్ల వరస ఒకటి తీసేసి ఒక పక్క బుగ్గ లోపలికి పోయేలా చేశారు. వేసవి ఎండల్లో, దళసరి బట్టల్లో, బరువైన బూట్లతో ఆ షూటింగ్ జరిగింది. ఫ్రాంకెన్‌స్టైన్ వేషం వేసిన కాలిన్ క్లైవ్‌ను భుజాన వేసుకుని గాలిమర దగ్గరికి ఎక్కే సీన్‌ను మళ్లీ మళ్లీ తీశారు. ఆ తర్వాత వెన్నునొప్పి ఆయన్ని జీవితాంతం వదల్లేదు. 1933లో హాలీవుడ్ నటులు స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ అనే సంఘం పెట్టుకున్నప్పుడు మొదటి సభ్యుల్లో ఆయన ఒకరు. కార్డు నంబరు 9. స్టూడియోలు కక్షగట్టే రోజుల్లో అప్పుడప్పుడే పేరొచ్చిన నటుడు అలా నిలబడటం చిన్న విషయం కాదు.

సినిమా మొదట్లో ఆయన పేరు ఎందుకు కనిపించదు?

రాక్షసుడి పాత్ర ఎదురుగా ప్రశ్నార్థకం గుర్తు మాత్రమే వేశారు. జనంలో ఆసక్తి పెంచడానికి చేసిన పని అది. చివర్లో వేసే పట్టికలో మాత్రం పేరు ఉంటుంది. ఏడాది తిరిగేసరికి పోస్టర్ల మీద ఇంటి పేరు ఒక్కటే, కార్లాఫ్ అని, పెద్దక్షరాలతో వేసే స్థాయికి వచ్చారు.

మాటలే లేని వేషం కదా, అందులో నటన ఏముంది?

నన్ను ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే ఒకే ఒక్క సీన్ చూడమంటాను. రాక్షసుడు మొదటిసారి గదిలోకి వస్తాడు. వెనక్కి తిరిగి, అడుగులు తడబడుతూ వస్తాడు. మెల్లగా ఇటు తిరుగుతాడు. కెమెరా మూడు షాట్లలో ఒక్కోసారీ ఇంకా దగ్గరికి వెళ్తుంది. అప్పట్లో హాల్లో కూర్చున్నవాళ్లు అరిచింది అక్కడే. నేను చూడమనేది మాత్రం ఆ తర్వాతి భాగం. ఫ్రాంకెన్‌స్టైన్ పైకప్పు కిటికీ తెరుస్తాడు. వెలుతురు ముఖం మీద పడుతుంది. పుట్టి అంతవరకూ చీకట్లోనే ఉన్నవాడు తల ఎత్తి, రెండు చేతులూ చాచి, ఆ వెలుగును పట్టుకోబోతాడు. కిటికీ మూసేస్తారు. అప్పుడు ఆ చేతులు కిందికి దిగి, అరచేతులు పైకి పెట్టి, తనను చేసినవాడిని అడుగుతాయి. ఒక్క మాట లేదు. సంగీతం కూడా లేదు. ఈ సినిమాలో మొదట్లో, చివర్లో పేర్లు పడేటప్పుడు తప్ప నేపథ్య సంగీతమే ఉండదు.

ఆ చేతులే ఆయన నటన. అంత మేకప్ కింద ముఖంలో కదిలే భాగం తక్కువ. అయినా కళ్లు, పెదవుల చివరలు, మణికట్లు, వీటితోనే ఒక పసివాడి అయోమయం చూపించారు. తర్వాత ఎందరో ఆ వేషం వేశారు. నడక అందరికీ వచ్చింది. ఆ అడగడం ఎవరికీ రాలేదు.

చెరువు సీన్‌ను ఎందుకు కత్తిరించారు?

మరియా అనే చిన్న పాప రాక్షసుడిని చూసి భయపడదు. చేయి పట్టుకుని చెరువు దగ్గర కూర్చోబెట్టి, పూలు నీళ్లలో వేసి తేలడం చూపిస్తుంది. వాడు మొదటిసారి నవ్వుతాడు. పూలు అయిపోతాయి. పాప కూడా పువ్వులాగే తేలుతుందనుకుని నీళ్లలోకి విసురుతాడు. పాపను విసరడం కార్లాఫ్‌కు నచ్చలేదు, సెట్‌లోనే వద్దన్నారు. వేల్ పట్టుబట్టి తీశారు. తర్వాత సెన్సార్లు ఆ విసిరే ముక్కను కోసేశారు. కోయడం వల్ల ఇంకా ఘోరం జరిగింది. వాడు పాప వైపు చేతులు చాచడంతో షాట్ ఆగిపోతుంది, కాసేపటికి తండ్రి శవాన్ని మోసుకొస్తాడు. మధ్యలో ఏం జరిగిందోనని చూసేవాళ్లు అంతకంటే భయంకరమైనవి ఊహించుకున్నారు. 1980లలో ఆ ముక్కను తిరిగి కలిపారు. పూర్తి సీన్‌లో వాడి తెలియనితనం, ఆ వెంటనే కలిగే కంగారు స్పష్టంగా కనిపిస్తాయి. మీరు చూసే ప్రింట్‌లో ఆ సీన్ పూర్తిగా ఉందో లేదో చూసుకోండి.

'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' మొదటిదానికంటే బాగుంటుందంటారు. మీరేమంటారు?

నేనూ అదే అంటాను. 1935లో వచ్చింది, దర్శకుడు మళ్లీ జేమ్స్ వేల్. ఫ్రాంజ్ వాక్స్‌మన్ సంగీతం ఇచ్చారు. ఎల్సా లాంచెస్టర్ మేరీ షెల్లీగానూ పెళ్లికూతురిగానూ రెండు వేషాలు వేశారు. పేరు పెళ్లికూతురిదే అయినా ఆమె కనిపించేది ఆఖరి కొద్ది నిమిషాలే. ఎర్నెస్ట్ థెసిజర్ వేసిన డాక్టర్ ప్రిటోరియస్ పాత్రలో ఒక వంకర హాస్యం ఉంది, అది వేల్ ముద్ర.

అడవిలో గుడ్డి సన్యాసి రాక్షసుడికి ఆశ్రయం ఇచ్చే భాగం ఈ సినిమాకు ప్రాణం. కళ్లు లేవు కాబట్టి వాడి రూపం చూసి భయపడడు. రొట్టె పెడతాడు, మాటలు నేర్పుతాడు, వయొలిన్ వాయిస్తాడు. రాక్షసుడి కంట్లోంచి నీరు కారుతుంది. రాక్షసుడి చేత మాట్లాడించడం తప్పని కార్లాఫ్ చివరిదాకా అన్నారు. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా ఈ ఒక్క విషయంలో ఒప్పుకోలేను. 'ఫ్రెండ్' అనే మాటను ఆ బొంగురు గొంతుతో అన్నప్పుడు కలిగే బాధ మూగవాడిగా ఉంటే వచ్చేది కాదు.

ఆ వేషం ఎన్నిసార్లు వేశారు?

పూర్తి నిడివి సినిమాల్లో మూడే. 1931, 1935, ఆ తర్వాత 1939లో వచ్చిన 'సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్'. మూడోదాంట్లో రాక్షసుడికి పని తక్కువ. అందులో మెడ విరిగిన ఇగోర్‌గా లుగోసీ అందరినీ మించి చేశారు. ఆ షూటింగ్ జరుగుతున్నప్పుడే, 1938లో, కార్లాఫ్ పుట్టినరోజు నాడే ఆయన కూతురు సారా పుట్టింది. 1944లో 'హౌస్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్'లో ఆయన ఉన్నారు గానీ డాక్టర్ వేషంలో. అక్కడ రాక్షసుడు గ్లెన్ స్ట్రేంజ్.

'ది మమ్మీ'లో కట్లు చుట్టుకుని తిరిగేది కార్లాఫేనా?

కట్లతో తిరగడమే ఉండదు. 1932 నాటి ఈ సినిమాలో కట్లతో కనిపించేది మొదటి సీన్‌లో మాత్రమే. కళ్లు సన్నగా తెరుచుకుంటాయి, చేయి కదులుతుంది, బల్ల మీది పత్రాన్ని అందుకుంటుంది, తలుపు బయటికి గుడ్డ పీలికలు ఈడ్చుకుపోతాయి. అంతే. అక్కడున్న కుర్ర పరిశోధకుడు పిచ్చిపట్టి నవ్వడం మొదలుపెడతాడు. ఆ కొద్దిసేపటి కోసం పియర్స్ మేకప్‌కు 8 గంటలు పట్టింది. మిగతా సినిమా అంతా ముడతలు పడ్డ ముఖంతో, నిటారుగా, మెల్లగా మాట్లాడే అర్దత్ బే అనే పెద్దమనిషిగా కనిపిస్తారు. 3,700 ఏళ్ల నాటి ప్రేమ కోసం తిరిగొచ్చినవాడు. ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధి బయటపడింది 1922లో, ఆ వేడి ఇంకా చల్లారని రోజులవి. దర్శకుడు కార్ల్ ఫ్రాయిండ్ అసలు కెమెరామన్, అందుకే ఆ నీడలు అంత అందంగా ఉంటాయి.

కార్లాఫ్‌కూ లుగోసీకీ పడేది కాదా?

1994లో వచ్చిన 'ఎడ్ వుడ్' సినిమాలో లుగోసీ పాత్ర కార్లాఫ్‌ను బూతులు తిడుతుంది. చాలామందికి ఆ అభిప్రాయం అక్కడి నుంచి వచ్చింది. లుగోసీ కొడుకే ఆ చిత్రణ సరికాదన్నారు. జీతాల్లోనూ పోస్టర్ల మీద పేరు వేయడంలోనూ స్టూడియో లుగోసీని తక్కువ చేసింది. ఆయనకు బాధ కలిగితే అందులో ఆశ్చర్యం లేదు. కార్లాఫ్ మాత్రం ఆయన గురించి ఎప్పుడూ ఆదరంగానే మాట్లాడారు.

ఇద్దరూ కలిసి 8 సినిమాల్లో కనిపించారు. వాటిలో 1934 నాటి 'ది బ్లాక్ క్యాట్' తప్పక చూడాలి. ఎడ్గర్ ఉల్మర్ దర్శకుడు, నిడివి 65 నిమిషాలే. ఎడ్గర్ అలన్ పో కథ పేరు వాడుకున్నారు తప్ప కథతో సంబంధం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వేలమంది చచ్చిపోయిన కోట శిథిలాల మీద ఒక ఆర్కిటెక్ట్ ఆధునికమైన ఇల్లు కట్టుకుంటాడు. గాజు, ఉక్కు, తెల్లటి గోడలు. భూత్ బంగళా అంటే సాలెగూళ్లు ఉండాలన్న ఆలోచనకు ఇది పూర్తిగా భిన్నం. ఇద్దరు మనుషులు యుద్ధం నుంచి బతికి బయటపడి కూడా లోపల చచ్చిపోయిన కథ ఇది.

వాల్ లూటన్ సినిమాలని ఎక్కువగా చెబుతుంటారు. అవేమిటి?

1940లు వచ్చేసరికి కార్లాఫ్‌కు మూస వేషాలు ఎక్కువయ్యాయి. పిచ్చి డాక్టర్, ప్రయోగశాల, ఉరి, మళ్లీ ప్రాణం. మధ్యలో 1941లో బ్రాడ్‌వేలో 'ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్' నాటకం ఆడి పెద్ద పేరు తెచ్చుకున్నా, సినిమాల్లో అదే వరస. ఆ సమయంలో ఆర్‌కేఓ స్టూడియోలో తక్కువ బడ్జెట్ హారర్ తీస్తున్న నిర్మాత వాల్ లూటన్ ఆయనతో మూడు సినిమాలు చేశారు. తన ఆత్మను తిరిగి ఇచ్చింది లూటనే అని కార్లాఫ్ చెప్పుకునేవారు.

వీటిలో 1945లో వచ్చిన 'ది బాడీ స్నాచర్' నా లెక్కలో కార్లాఫ్ నటనకు శిఖరం. రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ కథ, రాబర్ట్ వైజ్ దర్శకత్వం. 1831 నాటి ఎడిన్‌బరో. జాన్ గ్రే పగలు గుర్రబ్బండి తోలతాడు, రాత్రి వైద్య పాఠశాలకు శవాలు అమ్ముతాడు. మొదట్లోనే నడవలేని చిన్నపిల్లను బండిలోంచి ఎత్తి దింపుతూ, నా గుర్రం నీకు హలో చెబుతుందంటూ ముద్దుగా మాట్లాడతాడు. ఆ ప్రేమ నటన కాదు. డబ్బు కోసం మనిషిని చంపేవాడూ ఆ మనిషే. పేరున్న డాక్టర్ మెక్‌ఫర్లేన్‌తో, అంటే హెన్రీ డేనియల్‌తో, సారాయి దుకాణంలో కూర్చుని మాట్లాడే సీన్ చూడండి. పెద్దమనుషుల గుట్టు తన గుప్పిట్లో ఉండటమే ఆ బండివాడికి మిగిలిన ఒకే ఒక్క గౌరవం. ఆ సంగతి ఒప్పుకునేటప్పుడు కార్లాఫ్ గొంతు విన్నాక వాడిని ద్వేషించడం కష్టం.

ఇదే సినిమాలో రాత్రి వీధిలో పాడుకుంటూ అడుక్కునే అమ్మాయి ఒక చీకటి కమాను కిందికి వెళ్తుంది. వెనకాలే గ్రే బండి వెళ్తుంది. తెర మీద చీకటి తప్ప ఏమీ లేదు, పాట మాత్రం వినిపిస్తుంది. పాట మధ్యలో ఆగిపోతుంది. ఒక్క నెత్తుటి చుక్క చూపించకుండా ఇంత భయపెట్టిన హత్య నేను మరో సినిమాలో చూడలేదు.

'ఐల్ ఆఫ్ ది డెడ్'లో 1912 బాల్కన్ యుద్ధం నాటి గ్రీకు జనరల్‌గా చేశారు. ప్లేగు వల్ల ఒక దీవిలో అందరూ క్వారంటైన్‌లో ఇరుక్కుంటారు. కరోనా రోజులు చూసిన మనకు ఇప్పుడది కొత్తగా తగులుతుంది. 'బెడ్లామ్'లో లండన్ పిచ్చాసుపత్రి అధికారి వేషం.

నాకు టైమ్ తక్కువ. ఏవి ముందు చూడాలి?

'ఫ్రాంకెన్‌స్టైన్', వెంటనే 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్'. రెండూ కలిపి రెండున్నర గంటలు కూడా ఉండవు. తర్వాత 'ది బాడీ స్నాచర్'. ఆ మూడూ నచ్చితే 'ది మమ్మీ', 'ది బ్లాక్ క్యాట్'. వర్షం కురిసే రాత్రి దొరికితే 1932 నాటి 'ది ఓల్డ్ డార్క్ హౌస్' పెట్టుకోండి, అందులో ఆయన తాగుబోతు బట్లర్ మోర్గన్. ఈ సినిమా పోయిందనుకున్నారు, 1968లో దర్శకుడు కర్టిస్ హారింగ్‌టన్ చొరవతో దొరికింది.

చూడకపోయినా ఫర్వాలేదు అనదగ్గవి?

'ది మాస్క్ ఆఫ్ ఫు మాంచు'. చైనా వాళ్లను నీచంగా చూపించే సినిమా అది, ఆ కాలపు జాతి విద్వేషం అందులో పచ్చిగా ఉంది. కార్లాఫ్ ఉన్నారని చూసినా మనసు ఒప్పుకోదు. చివరి రోజుల్లో ఆయన చేసిన నాలుగు మెక్సికన్ సినిమాలు కూడా వదిలేయవచ్చు. ఆయన పోయాక విడుదలయ్యాయి, ఆయన స్థాయికి తగినవి కావు.

పిల్లలతో కలిసి చూడొచ్చా?

పదేళ్లు దాటిన పిల్లలైతే 'ఫ్రాంకెన్‌స్టైన్', 'ది మమ్మీ' చూడొచ్చు, చెరువు సీన్ దగ్గర మాత్రం పక్కన ఉండండి. 'ది బ్లాక్ క్యాట్' వద్దు, చివర్లో మనిషి చర్మం వలిచే ఘట్టం ఉంది. చిన్నపిల్లలకైతే 1966లో టీవీలో వచ్చిన కార్టూన్ 'హౌ ది గ్రించ్ స్టోల్ క్రిస్మస్' ఉంది. కథ చెప్పే గొంతూ గ్రించ్ గొంతూ ఆయనవే. ఆ రికార్డుకు గ్రామీ అవార్డు వచ్చింది. పాట మాత్రం ఆయన పాడలేదు, థర్ల్ రేవెన్స్‌క్రాఫ్ట్ పాడారు.

ముసలితనంలో మంచి సినిమాలు చేశారా?

చేశారు. 1963లో రోజర్ కోర్మన్ తీసిన 'ది రేవెన్'లో విన్సెంట్ ప్రైస్, పీటర్ లారీలతో కలిసి సరదాగా చేశారు. కుర్ర జాక్ నికల్సన్ కూడా ఉన్నాడు. అదే ఏడాది ఇటలీ దర్శకుడు మారియో బావా తీసిన 'బ్లాక్ సబ్బాత్' నిజంగా భయపెడుతుంది. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ పేరు తీసుకున్నది ఈ సినిమా నుంచే.

అన్నిటికంటే మించినది 1968 నాటి 'టార్గెట్స్'. కోర్మన్‌కు కార్లాఫ్ రెండు రోజుల పని బాకీ ఉన్నారు. ఆ రెండు రోజులు వాడుకుని ఏదైనా తీయమని కోర్మన్ కుర్రవాడైన పీటర్ బగ్డనోవిచ్‌కు అప్పగించారు. బగ్డనోవిచ్ ఆయన కోసం బైరన్ ఆర్లాక్ అనే ముసలి హారర్ నటుడి పాత్ర రాశారు. పేపర్లో వచ్చే హత్యల ముందు నా సినిమాలు ఎవరిని భయపెడతాయని ఆర్లాక్ రిటైర్ అవుదామనుకుంటాడు. ఇంకోపక్క చూడటానికి మర్యాదస్తుడైన ఒక కుర్రాడు తుపాకులు కొంటూ ఉంటాడు. రెండు కథలూ కార్లలో కూర్చుని సినిమా చూసే డ్రైవ్-ఇన్ థియేటర్‌లో కలుస్తాయి. కార్లాఫ్‌కు అప్పటికి 80 ఏళ్లు, ఊపిరితిత్తులు పాడై, కాళ్లకు పట్టీలు కట్టుకుని నడుస్తున్నారు. ఆ స్థితిలో మృత్యువును తప్పించుకోవాలని బాగ్దాద్ నుంచి సమర్రాకు పారిపోయిన నౌకరు కథను ఒకే షాట్‌లో, కట్ లేకుండా చెప్పారు. షాట్ అయ్యాక సెట్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. 1969 ఫిబ్రవరి 2న ఇంగ్లండ్‌లోని మిడ్‌హర్స్ట్‌లో కన్నుమూశారు.

ఇవి మంచి ప్రింట్‌లో ఎక్కడ దొరుకుతాయి? తెలుగు డబ్బింగ్ ఉందా?

నేను తెలుగు డబ్బింగ్ చూడలేదు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. సంభాషణలు నిదానంగా సాగుతాయి, కష్టం అనిపించదు. యూనివర్సల్ వాళ్లు తమ సినిమాలను శుభ్రం చేసి బ్లూరేలో విడుదల చేశారు, అద్దెకిచ్చే ఆన్‌లైన్ సర్వీసుల్లోనూ తరచు కనిపిస్తాయి. 'ది ఓల్డ్ డార్క్ హౌస్'కు 4కె ప్రింట్ వచ్చింది. 1963 నాటి 'ది టెర్రర్' మాత్రం అమెరికాలో కాపీరైట్ లేకపోవడం వల్ల ఎక్కడపడితే అక్కడ మసకబారిన ప్రింట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఉచితం కదా అని చాలామంది కార్లాఫ్‌ను దానితో మొదలుపెట్టి నిరాశపడతారు. దాన్ని చివరికి ఉంచండి. 'టార్గెట్స్'లో ఆర్లాక్ నటించిన సినిమాగా చూపించేది దాని ముక్కలే కాబట్టి, ఆ రెండూ వెంటవెంటనే చూస్తే బాగుంటుంది.